దూదికంటిన నలుపు

సెకండి రేవుకు ఎగువన, రైల్వే క్వార్టర్ల వెనక సందులో, కొబినా ఎసిల్ఫి ఇల్లెక్కడ అని అడిగితే జనం మొహమొహాలు చూసుకుంటారు. రికార్డులు కడిగే ముసలాయన ఇల్లంటే మాత్రం చేపల గంప నెత్తిన పెట్టుకుని పోయేవాళ్లు కూడా ఆగి దారి చూపిస్తారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఇంజన్ల జిడ్డు కడగడానికి అలవాటుపడ్డ చేతులు రిటైరయ్యాక ఊరికే ఉండలేక పాటల ప్లేట్ల మీద పడ్డాయని తోటివాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. అది నిజం కాదు. ఆ పని ఆయన అంతకు చాలా ముందే మొదలుపెట్టాడు, దానికి కారణం వేరే ఉంది.

బార్లవాళ్లు, డాన్సు హాళ్లవాళ్లు తెచ్చే రికార్డుల అవతారం చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. బీరు ఒలికి ఎండినవి కొన్ని, కొవ్వొత్తి కారినవి కొన్ని, పామాయిలు వేళ్లతో పట్టుకున్నవి కొన్ని. పొడిగాలి వీచే నెలల్లో అయితే ఉత్తరాన్నుంచి వచ్చే దుమ్ము ప్రతి గాడిలోనూ దూరి కూర్చునేది. పాట వినడానికి కొన్నారా, చేపలు వేయించుకోవడానికి కొన్నారా అని ఆయన తెచ్చినవాళ్లను దులిపేసేవాడు. వాళ్లు నవ్వుతూ తిట్లు తినేవాళ్లు. ఎందుకంటే ఆయన చేతుల్లోంచి తిరిగొచ్చిన రికార్డు మీద ముల్లు పెడితే ఆ చిటపటలూ గరగరలూ చాలావరకు పోయి, గిటారు తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా వినపడేది.

పద్ధతి మాత్రం ఊళ్లో అందరిదే, కాకపోతే ఆయనకు ఓపిక ఎక్కువ. వాననీళ్లు కాచి చల్లార్చి అందులో కాస్త సబ్బు వేసేవాడు. ప్లేటు నడుమనున్న కాగితం తడవకుండా డబ్బా మూత బోర్లించి, మేకవెంట్రుకల కుంచెతో గాడి వెంబడే తిప్పుతూ రుద్దేవాడు. అడ్డంగా రుద్దేవాళ్లను చూస్తే చెయ్యి పట్టుకుని లాగేసేవాడు. ఆ తర్వాత సారా. కల్లు కాచి దింపిన మా నాటుసారాలో సగం నీళ్లు కలిపి దూదితో తుడిస్తే జిడ్డు ఎక్కడున్నా ఊడివస్తుంది. సెకండిలో రికార్డులున్న ప్రతి ఇంట్లోనూ ఇదే వాడుక. ఎసిల్ఫి మెథడిస్టు చర్చి మనిషి, సారా నోటబెట్టి ఎరగడు. అయినా సగం ప్లేటుకు, సగం గొంతుకు అని జనం అనకుండా ఉంటారా? సీసా మూత తీసే ముందు ఆయన తప్పకుండా ఒక మాట అడిగేవాడు: ఇందులో పాడినవాడు ఉన్నాడా, పోయాడా? పోయాడంటే మొదటి చుక్క నేలమీద పోసి, ఆ పేరు తలుచుకుని, ఆ తర్వాతే దూది తడిపేవాడు. పాస్టరుగారికి ఇది నచ్చేది కాదు కానీ ఆయన రికార్డులూ ఇక్కడికే వచ్చేవి కాబట్టి నోరు మెదిపేవారు కాదు.

ఒక్క రకానికి మాత్రం ఎసిల్ఫి సారా తగలనిచ్చేవాడు కాదు. అవి పాతకాలపు లక్క రికార్డులు, బరువుగా, పెళుసుగా ఉండేవి. సారా పడితే లక్క కరిగిపోతుంది. అప్పటికే అవి ఊళ్లో అరుదైపోయాయి. ఎప్పుడైనా ఒకటి వస్తే దాన్ని లోపలి గదిలోకి తీసుకుపోయి, తలుపేసుకుని, ఒట్టి సబ్బునీళ్లతో గబగబా తుడిచి ఆరబెట్టేవాడు. అలాంటిది చేతికొస్తే ఆ పూట ఆయనకు ఎవరి మొహమూ చూడబుద్ధయ్యేది కాదు. ఆయన మంచం కింద పెట్టెలో అలాంటిదే ఒకటి ఉంది. అందులో చనిపోయిన ఆయన భార్య గొంతు ఉంది.

ఆమె పేరు అరబా. రొట్టెలు కాల్చి అమ్మేది. సొరబుర్రలు అరచేత్తో కొట్టుకుంటూ పాడే ఆడవాళ్ల జట్టులో ఉండేది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఎవరో వ్యానులో యంత్రం వేసుకుని తీరం వెంబడి ఊరూరూ తిరుగుతూ ఆ జట్టుచేత ఒక పాట పాడించుకుపోయారు. అది సముద్రం అవతల ప్లేటుగా తయారై తిరిగొచ్చింది. జట్టు పెద్దావిడకొకటి ఇచ్చారు, అరబాకొకటి ఇచ్చారు. పాటంతా గుంపుదే. నడుమ మాత్రం అందరూ ఆగిపోతే, ఒక్క చరణం అరబా ఒంటరిగా పాడింది. సన్నటి గొంతు, పైకి లేచి చివర్లో కొంచెం వణికేది. పెద్దావిడ ప్లేటు ఆమె మనవల చేతుల్లో ముక్కలైంది. ఇక ఆ గొంతు లోకంలో మిగిలింది ఎసిల్ఫి దగ్గరున్నదాంట్లోనే.

ఆ మరుసటి ఏడు అరబాకు కవల ఆడపిల్లలు పుట్టారు. తల్లీ, పెద్దపిల్లా ఒకే వారంలో పోయారు. చిన్నది మిగిలింది. కవలల్లో చిన్నదాన్ని మావాళ్లు కక్రబా అని పిలుస్తారు. పిల్లకు వేరే పేరు పెట్టే తీరిక ఎవరికీ లేక అదే ఉండిపోయింది. మా ఫాంటీవాళ్లలో బిడ్డ తల్లి వంశానిది, తల్లి సొత్తూ ఆ వంశానిదే. దినాలు కాగానే అరబా అక్కలు వచ్చి బట్టలు, పూసలు, రొట్టెల రేకులు, చంటిబిడ్డ అన్నీ తీసుకుని తమ ఊరు వెళ్లిపోయారు. ఎవరూ అన్యాయం చెయ్యలేదు, పద్ధతే అది. ఎసిల్ఫి మాత్రం ఒక దొంగతనం చేశాడు. రికార్డు పరుపు కింద దాచిపెట్టి, పగిలిపోయిందని వాళ్లతో అబద్ధమాడాడు.

పరుపు కింద సముద్రపు చెమ్మకు దానికి బూజు పట్టింది. చాలా నెలల తర్వాత ధైర్యం చేసి గ్రామఫోన్ మీద పెడితే గరగర తప్ప ఏమీ లేదు, అరబా ఆ గరగర వెనక ఎక్కడో ఉంది. ఆయన కడగడం మొదలుపెట్టింది అప్పుడే. ఎవరికి ఆ పని తెలుసంటే వాళ్ల గుమ్మం తొక్కాడు. ఊరివాళ్ల రికార్డుల మీద చెయ్యి తిప్పుకున్నాడు. తన దాన్ని మాత్రం ఏడాదికొక్కసారి, అరబా పోయిన రోజున, కుంచెతో తుడిచేవాడు. ఇనుప ముల్లు గాడిని తినేస్తుందని వెదురు పుల్ల చెక్కి, దానితో ఒక్కసారి విని, మళ్లీ పెట్టెలో పెట్టేవాడు. ఏటికేడాది రొద కొంచెం తగ్గేది, ఆమె కొంచెం దగ్గరికొచ్చేది.

కక్రబా పెరిగి పెద్దదై, బట్టలు కుట్టే పని నేర్చుకుని, పెంచిన పెద్దమ్మలు పోయాక తండ్రిని వెతుక్కుంటూ వచ్చింది. ఇద్దరికీ ఒకరి మొహం ఒకరికి సరిగా తెలియదు. గుమ్మంలో నిలబడి ఆమె ముందుగా అడిగింది ఆయన ఆరోగ్యం గురించి కాదు. అమ్మ గొంతు మీ దగ్గరుందని సందులోవాళ్లు చెప్పారు, నిజమేనా అని అడిగింది.

నిజమేనని ఒప్పుకున్నాడు. వినిపించలేదు.

ఇక్కడే ఆ ముసలాయన మీద ఎవరికైనా ఒళ్లు మండాలి. పిల్ల తల్లి కోసం వస్తే ఆయన కుంచె పట్టుకుని కూర్చున్నాడు. అడిగినప్పుడల్లా ఒకటే మాట.

"మొదటిసారి విన్నదే మనసులో ఉండిపోద్దమ్మా. ఈ గరగరతో వింటే నీకు అమ్మంటే గరగరే గుర్తుంటది. ఇంకొంచెం శుభ్రం కానీ."

కక్రబా గొడవ పెట్టుకునే మనిషి కాదు. వరండాలో కుట్టు మిషను వేసుకుంది, తండ్రికి పులిసిన పిండి ఉండలూ చేపల పులుసూ వండిపెట్టింది, కాచుకుంది. అమ్మ స్నానం ఇంకా అవలేదా నాన్నా, పెళ్లికూతుర్ని చేసినా ఇంతసేపు పట్టదే అని నవ్వులాటకు అనేది. ఆయనా నవ్వేవాడు. అరబా పోయిన రోజు రాగానే మాత్రం గది తలుపు వేసుకునేవాడు. చప్పుడు బయటికి పోకుండా గ్రామఫోన్ గొట్టంలో పాత గుడ్డలు కుక్కి, దానికి చెవి ఆనించి వినేవాడు. కూతురు తలుపుకు ఇవతల కూర్చుని ఉందని ఆయనకు తెలుసు. ఆమెకు వినపడేదల్లా దుప్పటి కింద ఎవరో గొణిగినట్టు ఒక మూలుగు. ఒక ఏడు అలా కూర్చుని లేచాక ఆమె నవ్వులాటలు మానేసింది.

అదంతా పిసినారితనమే అనుకోకండి. కొంత ప్రేమ, కొంత భయం. తను దొంగతనంగా దాచుకున్నది ఇంకొకరి చెవిన పడితే తనకు తగ్గిపోతుందని ఎక్కడో ఉండేది, దాన్ని ఆయన తనకు తానే చెప్పుకోలేదు.

చివరికి కళ్లు మొరాయించాయి. శుక్లాలు ముదిరి ప్లేటు మీద దుమ్ము ఉందో లేదో కూడా కనపడటం మానేసింది. తకొరాడి ఆస్పత్రిలో ఆపరేషనుకు రమ్మన్నారు. బయలుదేరే రోజున, కక్రబా సంచీ సర్దుతూ ఉంటే ఆయనకే ఏమనిపించిందో, మంచం మీద కూర్చుని ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"కన్ను బాగై రానీ. దుమ్ము కనపడుద్ది. ఒక్కసారి కడిగేస్తాను. ఆ పొద్దే నీకు వినిపిస్తాను."

"ఒట్టే?"

"మీ అమ్మ మీద ఒట్టు."

ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఆయన ఆ పూట గురించే ఆలోచించాడు. గుడ్డలు తీసేసి, గొట్టం వరండా వైపు తిప్పి పెట్టాలని, తలుపు తీసే ఉంచాలని, అసలు ఇన్నేళ్లు ఎందుకు ఆపానని. తిరిగొస్తూ బస్సులో పక్కవాడితో ఇవాళ మా అమ్మాయి వాళ్లమ్మ పాట వింటుందండీ అని చెప్పాడట కూడా.

ఇంట్లో అడుగు పెట్టగానే సారా వాసన గుప్పుమంది. ఒక కంటికి కట్టుంది, రెండో కంటికి కనపడేది అంతంతే. బల్ల మీద నల్లటి ఉండలు కుప్పగా ఉన్నాయి. దగ్గరికెళ్లి తాకి చూస్తే దూది.

కక్రబా పొయ్యి దగ్గర్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అంత సంతోషంగా ఆయన ఆమెను ఎప్పుడూ చూడలేదు. కన్ను నొప్పితో మీరు కూర్చుని కడగడమెందుకు, మళ్లీ వాయిదా పడటమెందుకు, అందుకే నేనే కడిగేశానని చెప్పింది. అన్నీ ఆయన చేసినట్టే చేసిందట. కాగితం మీద మూత బోర్లించిందట, గాడి వెంబడే రుద్దిందట. ముందు ఒక చుక్క నేలమీద పోసి అమ్మ పేరు తలుచుకుందట. అమ్మది కదా, నీళ్లు కలిపిన సారా ఎందుకని సందు చివరి సారా కాచే ఆవిడ దగ్గరికెళ్లి మొదటి దింపు, ఘాటైనది, అడిగి తెచ్చిందట.

"ఎంత మురికుందో నాన్నా లోపల. తుడిచేకొద్దీ వస్తానే ఉంది. మీరిన్నేళ్లూ ఒట్టి సబ్బుతో తుడిచుంటారు, అందుకే పోలా. నేను మాత్రం దూది తెల్లగా వచ్చిందాకా వదల్లేదు."

ఎసిల్ఫి రికార్డు ఎక్కడుందోనని వెతికాడు. రికార్డు పళ్లేల స్టాండులో నిలబెట్టి ఉంది. తీసి వేలు పెట్టి చూశాడు. గాళ్లుండాల్సిన చోట వేలు నున్నగా జారిపోయింది. లక్క రికార్డుకున్న మెరుపు పోయి బూడిద రాసినట్టుంది. చెప్పి ఉండాల్సింది. ఇది వేరే రకం, దీనికి సారా పనికిరాదు అన్న ఒక్క ముక్క ఇన్నేళ్లలో ఎప్పుడైనా చెప్పి ఉండాల్సింది. తలుపేసుకుని దాచిందంతా దాచి, చివరికి కూతురి చేత్తోనే చేయించాడు.

ఆయన మొహం చూసి ఆమె ఆపరేషను నీరసమనుకుంది. కాసిని మంచినీళ్లు ఇచ్చింది. తర్వాత ఒట్టు సంగతి గుర్తు చేసింది.

పెట్టక తప్పలేదు. వెదురు పుల్ల బిగించాడు, గొట్టం వరండా వైపే తిప్పాడు. ముల్లు ఆనగానే రేకుల మీద వాన పడ్డట్టు ఒకటే హోరు. సొరబుర్రల దెబ్బ ఎక్కడో అడుగున ఉందా లేదా అన్నట్టుంది. కక్రబా నేలమీద కూర్చుని, చీకట్లో మనిషిని వెతికేవాళ్లలా మొహం ముందుకు చాపి వింటోంది. అమ్మ ఎప్పుడొస్తుంది నాన్నా అని అడిగింది. పాట ఎక్కడుందో ఆయనకు చెవితో పనిలేదు, ఒంట్లోనే ఉంది. గుంపు ఆగిపోయే చోటు రాగానే వేలెత్తి చూపించాడు.

"ఇదిగో. ఇక్కడ."

హోరే. ఆ చరణమంతా ఆయన వేలు దించలేదు. సన్నటిది, చివర్లో వణికేది ఏదీ లేదు. పక్కకు చూస్తే కక్రబా బుగ్గల మీద కన్నీళ్లు కారుతున్నాయి.

"విన్నాను నాన్నా. అమ్మ గొంతు బొంగురు కదూ?"

"ఊఁ," అన్నాడు. "బొంగురే."

ఆ ఒక్క ముక్కతో ఆయన అరబాను రెండోసారి పోగొట్టుకున్నాడు. మొదటిసారి పోయినప్పుడు కనీసం ఏడవడానికి జనం వచ్చారు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఆమె అడిగేది, ఆయన పెట్టేవాడు. మిగిలిన కాస్తా వెదురు పుల్ల గీకేసుకుంటూ పోయింది. కక్రబా మిషను తొక్కుతూ అమ్మ పాటని ఏదో బొంగురు రాగం తీసేది. అది ఆ పాట కాదు. దాని పోలిక కూడా లేదు. వినివిని ఆయనకు అసలుది గుర్తు తెచ్చుకుందామన్నా ఈ బొంగురు రాగమే అడ్డం వచ్చేది. ఒక్కడే ఉన్నప్పుడు ఆ చరణం ఎత్తుకుందామని చూసేవాడు, మొదటి మాట దగ్గరే దారి తప్పేవాడు. ఊరివాళ్ల రికార్డులు తీసుకోవడం తగ్గించేశాడు. కన్ను సాకు చెప్పేవాడు. కన్ను బాగానే ఉంది, సీసా మూత తీసి, ఆ వాసన తగలగానే మళ్లీ బిగించేసేవాడు.

ఆయన దిగులులో ఒక్కటే కోరిక మిగిలింది. కూతురికి నిజం తెలియకూడదు. తను చచ్చిపోయిందాకా తెలియకుండా ఉంటే చాలు. అంతకంటే ఆయన దేవుణ్ణి ఏమీ అడగలేదు. పొరుగున లక్క రికార్డు ఉన్న ఇల్లు కనపడితే ఆ వైపు కక్రబాను పోనిచ్చేవాడు కాదు.

పొడిగాలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున, చేపలు పొగబెట్టి అమ్మే ఎసువన్ వచ్చింది. నోరు పెద్దది, మనసు మంచిది. వరండా మెట్ల మీద చతికిలబడి, చంకలోని గుడ్డ మూట విప్పింది. అందులో ఒక లక్క రికార్డుంది. దాని పక్కనే సారా సీసా. ఆమె తమ్ముడు పోలీసు బ్యాండులో వాయించేవాడట, పోయి చాన్నాళ్లయిందట, సంవత్సరీకానికి వాడి బూరా చప్పుడు అందరికీ వినిపించాలట.

అక్కడ పెట్టి వెళ్లు, నేను చూస్తాలే అన్నాడు ఎసిల్ఫి. లోపలికి తీసుకుపోదామని చెయ్యి కూడా చాపాడు. ఎసువన్ ఇవ్వలేదు.

"నీకెందుకయ్యా శ్రమ, కన్ను బాగాలేదంటగా. మా కోడలు కడుగుద్ది. నీళ్లు ఎంత కలపాలో చెప్పు చాలు."

మిషను దగ్గర్నుంచి కక్రబా అందుకుంది, పనిమంతురాలి గొంతుతో.

"నీళ్లు కలపొద్దు పిన్నీ. ఊరికినే పొయ్యండి. ఎంత మురికొస్తుందో చూడండి. మా అమ్మది నేనలాగే కడిగా."

అయితే ఇప్పుడే కొంచెం చూద్దామంటూ ఎసువన్ సీసా మూత పళ్లతో పీకింది. ఒళ్లో ఉన్న రికార్డు మీదికి సీసా వంచబోయింది. ఆమెను వెళ్లనిచ్చి, సందు మలుపులో పట్టుకుని చెబుదామనుకున్నాడు ఎసిల్ఫి అంతవరకు. ఇక ఆ వ్యవధి లేదు. సీసా మూతి దగ్గర సారా చేరి మెరుస్తోంది. చచ్చినవాడి బూరా అది, వాళ్లకున్నదీ ఒకటే అయ్యుంటుంది.

ఆయన ముందుకు వంగి ఎసువన్ మణికట్టు పట్టేసుకున్నాడు.

"పొయ్యొద్దు. అది లక్క. సారా పడితే కరిగిపోద్ది, పాట పోద్ది."

మిషను చప్పుడు ఆగింది.

అడిగాను కాబట్టి సరిపోయింది గానీ కొంప మునిగేది కదయ్యా అని ఎసువన్ గుండెలు బాదుకుంది. సీసాకు మూత బిగించి, మూట కట్టుకుని, ఆయనకు దీవెనలు పెడుతూ మెట్లు దిగిపోయింది. సందు మలుపు తిరిగిందాకా ఆమె మాటలు వినపడుతూనే ఉన్నాయి. ఎసిల్ఫి వెనక్కు తిరగలేదు.

"నాన్నా," అంది కక్రబా. "ఆ నలుపు మురికి కాదా?"

ఆయన లేచి లోపలికి వెళ్లాడు. మంచం కింద పెట్టె జరిపి, దాని వెనకనుంచి ఒక బిస్కెట్ల డబ్బా తీసుకొచ్చాడు. మూత తీసి మిషను మీద, సగం కుట్టిన గౌను పక్కన పెట్టాడు. డబ్బా నిండా ఎండి గట్టిపడిన నల్లటి దూది ఉండలు.

"మురికైతే పారేసేవాణ్ణమ్మా," అన్నాడు.

కక్రబా డబ్బాను ఒళ్లోకి తీసుకుని, ఒక్కొక్క ఉండనూ బయటికి తీసి చూడటం మొదలుపెట్టింది.